సుదీర్ఘమైన పరుగు: ఎముక, స్నాయుబంధనము, కండరము

దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవుపట్టణమునకును, పీటర్‌మారిట్స్‌బర్గ్ నగరమునకును నడుమ జరుగు పరుగుపందెమునకు కామ్రేడ్స్ మారథాన్ అని పేరు. మొదటి ప్రపంచయుద్ధములో అసువులు బాసిన తోటి సైనికుల స్మృత్యర్థము విక్ క్లాఫం అను మాజీ సైనికుడు దీనిని 1921లో నెలకొల్పెను. ఆ యేడు మే 24వ తేదీన 34 మంది పరుగునకు నిలిచిరి. నేడు వేలమంది పాల్గొనుచున్నారు. మామూలు మారథాన్ దూరము 42.195 కిలోమీటర్లు కాగా ఇది సుమారు 90 కిలోమీటర్లు. మారథానును మించిన ఇట్టి పరుగులను అల్ట్రామారథానులందురు.

ఇందు మొదటిసారి పాల్గొనదలచినవారు నెలల తరబడి సాధన చేయుదురు. ఆ సాధనలో అనేకులను నిలిపివేయునది ఆయాసము కాదు. మోకాలిలోనో, పిక్కలోనో, మడమ వెనుకనో పుట్టి, విడువక వేధించు చిన్న నొప్పి. దానిని ఓర్చుకొని పరుగెత్తవలెనా, ఆగవలెనా? ఓర్చుకొనరాని నొప్పిని ఓర్చుకొన్నవాడు ఎముక విరుగగొట్టుకొనవచ్చును. ఓర్చుకొనదగిన నొప్పికి వెరచినవాడు సాధనకే దూరమగును. ఈ రెంటికి గల భేదము తెలియవలెనన్న, కాలిలోని కణజాలములు బరువును ఎట్లు మోయునో, ఎట్లు బాగుపడునో తెలియవలెను.

లెక్క ఏమి చెప్పును?

అంగ ఒక్కింటికి సుమారు ఒక మీటరు దూరము సాగునని అనుకొందము. 90 కిలోమీటర్లకు 90,000 అంగలు, అనగా ఒక్కొక్క పాదమునకు 45,000 తాకిడులు. పరుగులో పాదము నేలను తాకినపుడెల్ల శరీరభారమునకు రెండు మూడు రెట్ల బలము దానిపై పడును. 60 కిలోగ్రాముల మనిషి పాదము 120 నుండి 180 కిలోగ్రాముల బరువుకు సమానమైన బలమును అన్నిమార్లు భరింపవలెను. ఒక్క తాకిడిలో అపాయము లేదు. వేలకొలది తాకిడులు చేరినపుడే చిక్కు.

సాధన మొదలిడిన కొద్ది దినములలోనే రక్తపు పరిమాణము పెరుగును. కొన్ని వారములలో కండరకణములందలి మైటోకాండ్రియా వృద్ధిచెందును. కనుక ఆయాసము త్వరగా తగ్గును. మనిషికి ధైర్యము వచ్చును. కాని ఎముకకును స్నాయుబంధనమునకును గట్టిపడుటకు నెలలు పట్టును. గుండె 'పద' అనుచుండగా ఎముక ఇంకను సిద్ధము కాకుండుటయే ఈ నొప్పులకు మూలము.

ఎముక

1855లో బ్రైటాప్ట్ అను ప్రష్యా సైనిక వైద్యుడు, దూరపు నడకల పిమ్మట సైనికుల పాదములు నొప్పితో వాచుటను వర్ణించెను. కారణము మాత్రము తెలియలేదు. 1895లో ఎక్స్-కిరణములు కనుగొనబడిన పిమ్మట, 1897లో ఆ పాదములలోని పొడుగాటి ఎముకలు చిట్లియున్నట్లు ఛాయాచిత్రములలో కనబడెను. ఏ దెబ్బయు తగులకుండ, కేవలము పునఃపునః పడు బరువువలన ఎముక చిట్లునని అప్పుడు తేలెను.

ఎముక జడపదార్థము కాదు. మోయు బరువును బట్టి అది తన నిర్మాణమును మార్చుకొనునని జర్మను వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించెను. బరువు పడినచోట సూక్ష్మమైన పగుళ్లు ఏర్పడును. మొదట ఒక జాతి కణములు ఆ దెబ్బతిన్న భాగమును కరిగించివేయును. ఈ పని సుమారు మూడు వారములలో ముగియును. తరువాత వేరొక జాతి కణములు అచ్చట క్రొత్త ఎముకను పేర్చును. దీనికి మూడు నాలుగు నెలలు పట్టును. పాతగోడను కొంత పడగొట్టిన తరువాతనే క్రొత్తగోడ లేచినట్లు, ఎముక గట్టిపడుటకు ముందు కొంతకాలము బలహీనమగును. సాధన పెంచిన కొద్ది వారములకు ఎముకలు చిట్లుటలోని రహస్య మిదియే.

స్నాయుబంధనము

పిక్క కండరమును మడమ ఎముకకు కలుపు త్రాడు వంటి దానికి అకిలిస్ స్నాయుబంధనమని పేరు. అది ఎంత నిదానముగా మారునో తెలుపుటకు అణుపరీక్షలు విచిత్రముగా తోడ్పడినవి. 1955 మొదలు 1963 వరకు వాతావరణములో జరిగిన ఆ పరీక్షలవలన గాలిలో కార్బన్-14 అధికమై, పిమ్మట క్రమముగా తగ్గెను. ఏ కాలమున పెరిగిన కణజాలములో ఆ కాలపు గాలియందలి కార్బన్-14 పాలు నిలిచియుండును. డెన్మార్కు పరిశోధకులు ఈ గురుతును బట్టి అకిలిస్ స్నాయుబంధనపు నడిమి భాగమును పరీక్షించి, అది మొదటి 17 ఏండ్లలోనే ఏర్పడి, ఆపైన దాదాపు మారకయే యుండునని 2013లో ప్రకటించిరి.

కాబట్టి దీనిని చెడగొట్టుకొనుట సులభము, బాగుచేసికొనుట కష్టము. అయినను పూర్తి విశ్రాంతి దీనికి మందు కాదు. బరువు పడకున్న అది మరింత బలహీనమగును. 1998లో స్వీడను వైద్యుడు హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్, ఆయన సహచరులు మడమ వెనుక నొప్పి గల 15 మంది పరుగువారిచే ఒక వ్యాయామము చేయించిరి. మెట్టు అంచున మునివేళ్లపై నిలిచి, మడమను మెల్లగా క్రిందికి దించుట, పూటకు 15 చొప్పున మూడు వరుసలు, మోకాలు చాచి ఒకమారు, కొద్దిగా వంచి ఒకమారు, దినమునకు రెండు పూటలు, 12 వారములు. వారందరును తిరిగి పరుగెత్తగలిగిరి. నిదానముగా, తగుమాత్రముగా పడు బరువే దీనికి చికిత్స.

కండరము

కామ్రేడ్స్ పందెము ఒక యేడు డర్బన్ నుండి ఎగువకు, మరుసటి యేడు దిగువకు సాగును. దిగుట తేలికయని తోచును గాని, కాలికి అదియే కష్టతరము. దిగునపుడు తొడ ముందరి కండరములు సాగుచునే శరీరమును ఆపవలెను. ఇట్టి శ్రమవలన కండరతంతువులు ఎక్కువగా దెబ్బతినును. ఒకటి రెండు దినముల పిమ్మట కాళ్లు పట్టివేయును. ఇందు అపాయము స్వల్పము. కొద్ది దినములలో తగ్గును. అదియే శ్రమ మరల చేసినపుడు బాధ చాల తక్కువగా నుండును. అందుచేత పందెమునకు ముందే పల్లపు బాటలపై కొద్దికొద్దిగా పరుగెత్తుట మేలు.

ఏ నొప్పి ఎట్టిది?

నొప్పి కలిగినపుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. అది కండరమంతట వ్యాపించినదా, వ్రేలితో చూపదగిన ఒక్కచోటనే యున్నదా? పరుగు సాగినకొలది తగ్గునా, పెరుగునా? మరునాటి ఉదయమున మొదటి అడుగు వేసినపుడు ముందటి దినముకన్న ఎక్కువగా నున్నదా?

వ్యాపించిన నొప్పి సాధారణముగా కండరమునకు సంబంధించినది. ఉదయమున బిగిసి, నాలుగడుగులు నడచిన సడలునది తరచుగా స్నాయుబంధనమునకు సంబంధించినది. అది స్వల్పముగా నుండి మరునాటికి పెరుగకున్న, దూరము తగ్గించుకొని సాధన సాగింపవచ్చును. ఎముకమీద ఒక్కచోటనే నొక్కినపుడు నొప్పి యున్నను, పరుగుతో పెరిగినను, రాత్రి విశ్రాంతిలో కూడ బాధించినను వెంటనే ఆగి వైద్యునికి చూపవలెను. గజ్జలో లోతుగా పుట్టు నొప్పిని అసలు ఉపేక్షింపరాదు. తొడ ఎముక మెడభాగము చిట్లినపుడు ఇట్టి నొప్పి కలుగును. అట్లే పరుగెత్తిన ఎముక పూర్తిగా విరిగి శస్త్రచికిత్స అవసరము కావచ్చును. మొదటి దినములలో ఎక్స్-కిరణ ఛాయాచిత్రమున ఏమియు కనబడకపోవచ్చును. అంతమాత్రమున చిట్లు లేదని తలపరాదు.

దూరమును పెంచు విధము

వారమునకు పదిపాళ్లకు మించి దూరము పెంచరాదను నియమము చాలకాలముగా వాడుకలో నున్నది. 2008లో నెదర్లాండ్సులో ఐదువందలకు పైబడిన క్రొత్త పరుగువారిపై దీనిని పరీక్షించిరి. ఈ నియమమును పాటించినవారిలోను, పాటింపనివారిలోను నూటికి ఇంచుమించు ఇరువదిమంది గాయపడిరి. ఐదువేలమందికి పైగా పరుగువారిని గమనించి 2025లో ప్రకటించిన పరిశోధనవలన ఇంకొక సంగతి తెలిసినది. వారపు మొత్తము కంటె ఒక్క దినపు పరుగే ముఖ్యము. గడచిన నెలలో పరుగెత్తిన అతి పెద్ద దూరమును ఒకేసారి పదిపాళ్లకు మించి దాటినపుడు గాయముల సంభావ్యత పెరిగెను; దానిని రెట్టింపునకు మించి దాటినపుడు మరింత అధికమయ్యెను. నష్టము చేయునది శ్రమకన్న తొందరపాటు.

మాత్రలు, నీరు, ఆహారము

నొప్పిని అణచుటకు పలువురు ఐబుప్రొఫెన్ మాత్రలు మ్రింగుదురు. 2017లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో, 80 కిలోమీటర్ల పరుగునందు ఈ మాత్ర వాడినవారిలో నూటికి 52 మందికి మూత్రపిండములు తాత్కాలికముగా దెబ్బతిన్నవి. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో నూటికి 34 మందికి. నొప్పి శరీరము పంపు వార్త. వార్తను తెచ్చినవాని నోరు నొక్కిన ఆపద తొలగదు.

నీరును మితము తప్పరాదు. ఏడు గంటలకు మించిన పందెములలో పాల్గొన్న నలుగురు, నీరు అతిగా త్రాగి రక్తమున సోడియము తగ్గి ప్రాణాపాయమునకు లోనైనట్లు దక్షిణాఫ్రికా వైద్యుడు టిమ్ నోక్స్, ఆయన సహచరులు 1985లో వర్ణించిరి. దాహమును బట్టి త్రాగుటయే క్షేమము.

ఇక ఆహారము. కిలోగ్రాము బరువునకు, కిలోమీటరు దూరమునకు సుమారు ఒక కిలోకాలరీ ఖర్చగును. 60 కిలోగ్రాముల మనిషి 90 కిలోమీటర్లు పరుగెత్తిన 5,400 కిలోకాలరీలు. శరీరమున నిలువయుండు గ్లైకోజెన్ ఇచ్చునది సుమారు రెండువేలు మాత్రమే. తక్కినది క్రొవ్వునుండియు, దారిలో తిను ఆహారమునుండియు రావలెను. సాధనకాలమున చాలినంత తిననివారి ఎముకలు పూడుకొనవు. పరుగెత్తు బాలికలకు ఋతుక్రమము ఆగిపోయినచో, అది శరీరమునకు ఆహారము చాలుటలేదనుటకు హెచ్చరిక కావచ్చును; ఎముకల బలము తగ్గుటకు కూడ కారణమగును.

తొంబది కిలోమీటర్లు పరుగెత్తువారు కొద్దిమందియే. కాని పోలీసు, సైనిక ఉద్యోగముల దేహదారుఢ్య పరీక్షలకు మన పల్లెలలో ఎందరో యువకులు, యువతులు పరీక్షకు నెలదినముల ముందు హఠాత్తుగా పరుగు మొదలుపెట్టుచున్నారు. వారి ఎముకలు కరిగి ఇంకను పూడుకొనని కాలమున పరీక్ష వచ్చిపడును. నెల ముందు కాదు, ఆరునెలల ముందు మెల్లగా మొదలిడుమని చెప్పగలవారు వ్యాయామోపాధ్యాయులు, విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు. ఆ ఒక్క మాట సకాలములో చెవిని పడిన, ఒక కాలును, దానితోపాటు ఒక ఉద్యోగమును నిలువవచ్చును.