ఇనుమున్నను నెత్తురు లేమి

మొగము పాలిపోయి, నాలుగు మెట్లెక్కినంతనే ఆయాసము వచ్చినచో మన యిండ్లలో మొదట వినబడు మాట "ఇనుము చాలలేదు" అనునదియే. పెక్కుమారులది నిజము. గర్భిణులకు వైద్యులిచ్చు ఇనుప మాత్రలు మానదగినవి కావు. కాని ఒంటినిండ ఇనుముండియు నెత్తురు పట్టని రక్తహీనత యొకటి కలదు. అరుదైన దీనిని సైడెరోబ్లాస్టిక్ ఎనీమియా యందురు.

ఎఱ్ఱకణములలో ప్రాణవాయువును మోయునది హీమోగ్లోబిను. అందు హీము అను వలయము, దాని నడుమ నొక్క ఇనుప పరమాణువు నుండును. ఉంగరమే లేనిచో రాయిని పొదుగుటెట్లు? ఈ వలయమును కట్టు పని ఎముకల మూలుగలో పెరుగుచున్న కణములయందు, మైటోకాండ్రియా యను సూక్ష్మభాగములలో మొదలగును. గ్లైసిను అను సామాన్యమైన ఆమ్లమును సక్సినైల్ కో-ఏ అను మఱియొక పదార్థముతో గూర్చుట తొలిమెట్టు. ఆ కూర్పు చేయు ఎంజైము బి6 విటమిను తోడు లేనిదే పనిచేయజాలదు. పుట్టుకతోనే ఆ ఎంజైము లోపించినవారికి వలయములు చాలవు. ఇనుము మాత్రము వచ్చి చేరుచునే యుండును. మూలుగకు నీలిరంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూచినచో, కణకేంద్రకము చుట్టును పూసలదండవలె ఆ ఇనుము కనబడును.

1945లో థామస్ కూలీ యను అమెరికా వైద్యుడు ఒకే కుటుంబమున వంశానుగతముగా వచ్చుచున్న ఇట్టి వ్యాధిని వర్ణించెను. ఈ లోపము ఎక్స్ క్రోమోసోముపై నుండుటచే తల్లినుండి కొడుకులకు సంక్రమింపవచ్చును. అందులకు తల్లిని నిందించువారి అజ్ఞానమును ఏమనవలెను! కొందఱు స్త్రీలకును, ముఖ్యముగా వయసు మీఱిన పిమ్మట, ఇది బయటపడుట కలదు. బి6 విటమిను నిచ్చినచో ఈ రోగులలో పలువురకు రక్తము వృద్ధియగును, అందఱకును కాదు.

ఇట్టివారికి ఇరుగుపొరుగు మాటపై ఇనుప టానిక్కులు త్రాగించుట ప్రమాదకరము. మిగిలిన ఇనుము కాలేయమునను గుండెయందును పేరుకొని వానిని చెఱచును. మాత్రలు వాడియు రక్తము పెరుగనిచో మోతాదు హెచ్చింపక, ఫెరిటిను పరీక్ష చేయింపుడు. అది ఒంటిలోని ఇనుప నిలువను తెలుపును. నిలువ హెచ్చుగా నున్నచో కారణమును వైద్యుడు వెదకవలెను.

పుట్టుకతో గాక నడుమ వచ్చుటయు కలదు. మితిమీఱిన మద్యపానము, రాగి లోపము, వృద్ధులలో మూలుగ వ్యాధులు దీనికి కారణములు. సీసము ఒంట జేరినచో వలయమున ఇనుమును పొదుగు పనియే చెడును. క్షయకిచ్చు ఐసోనియాజిడ్ అను మందు బి6 విటమిను పనికి అడ్డుపడును. కనుకనే ఆ మందు తినువారిలో పలువురకు, ముఖ్యముగా గర్భిణులకును పాలిచ్చు తల్లులకును, వైద్యులు బి6 మాత్రను జతపఱతురు. ఆ చిన్నమాత్రను అదనపుదని తలచి మానరాదు.