అరిగిపోయే తూకంరాయి

పిల్లలూ, అంగట్లో తక్కెడ చూచారు గదా! ఒక పళ్ళెంలో తూకంరాయి, రెండో పళ్ళెంలో చింతపండు. ఆ రాయి యేటేటా కాస్త అరిగిపోతూవుంటే బేరం యేమవుతుంది? ఆకాశాన్ని కొలిచే శాస్త్రజ్ఞులకు సరిగ్గా యీ చిక్కే వచ్చింది.

చుక్కలలోకంనుంచి వెలుగే కాదు, రేడియో తరంగాలు కూడా వస్తాయి. ఈ సంగతి 1933లో అమెరికాలో కార్ల్ జాన్‌స్కీ అనే యువ ఇంజనీరు వెల్లడించాడు. ఆ తరంగాల బలాన్ని కొలిచే మానానికి ఆయన పేరే పెట్టారు.

తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలంటే పొడుగు అలలు. వాటిని పట్టాలంటే పొలమంత యేరియల్ కావాలి. హిందూపురానికి చేరువలో, కర్ణాటకలోని గౌరీబిదనూరు దగ్గర, 34.5 మెగాహెర్ట్జుల తరంగాలకోసం 1970లలో 1,000 చిన్న యేరియళ్ళను బారులు తీర్చి నిలిపారు. ఒక బారు పొడవు 1.4 కిలోమీటర్లు! అంత చేసినా, తనమీద పడ్డదానిలో యేరియల్ యెన్నో వంతు పట్టిందో నిక్కచ్చిగా చెప్పటం కష్టం. పైగా ఆకాశమంతా ఒకటే హోరు. అందుకని బలం తెలిసిన మూలాన్ని ముందు విని, తెలియనిదాన్ని దానితో పోలుస్తారు.

అట్లాంటి తూకంరాయి ఒకటి శర్మిష్ఠ మండలంలో వుంది. కార్తీకమాసపు రాత్రులు ఉత్తరాన అయిదు చుక్కలు వంకరటింకరగా కనిపిస్తాయే, అదే శర్మిష్ఠ. పేలిపోయిన ఒక నక్షత్రపు శిథిలం అక్కడ వుంది. దాని పేరు కాసియోపియా-ఎ. మామూలు కంటికి కనిపించదు గాని, రేడియోకు మహా గట్టిగా వినిపిస్తుంది.

1960లో రష్యాలో ష్క్లోవ్‌స్కీ లెక్కవేసి, ఆ శిథిలం వ్యాకోచిస్తున్నది గనుక దాని బలం యేటేటా తగ్గితీరాలన్నాడు. అదే నిజమైతే దానితో తూచిన తూకాలన్నీ తప్పే! తేల్చటం యెట్లా? యంత్రానికీ వయసు వస్తుంది గదా. తగ్గింది శిథిలమా, యంత్రమా?

1961లో కేంబ్రిడ్జిలో హోగ్‌బోమ్, షేక్‌షాఫ్ట్ అనే యిద్దరు రెండో రాయిని తెచ్చారు. అది రాజహంస మండలంలోని సిగ్నస్-ఎ. ఎంతో దూరాన వున్న మహా నక్షత్రకూటమి అది. అంత పెద్దది పది పన్నెండేళ్ళలో మారదు. రెండింటినీ ఒకే యేరియల్‌తో విని, ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే, యంత్రం లోపం రెండింటికీ సమానమే గనుక కొట్టివేయబడుతుంది. (భిన్నాల లెక్కలు యెందుకండీ అని అడిగే పిల్లలు యిక్కడ ఒక్క క్షణం ఆగాలి!) ఆ నిష్పత్తిని పాత కొలతలతో పోల్చిచూస్తే, 81.5 మెగాహెర్ట్జుల దగ్గర కాసియోపియా-ఎ బలం యేటా సుమారు నూటికి 1 చొప్పున తగ్గుతున్నదని తేలింది. తరువాతి కొలతలలో తగ్గుదల అంతకంటె కొంచెం నెమ్మది అని కనిపించింది.

అందుకే నేటికీ దాని బలం చెప్పేటప్పుడు, ప్రక్కనే అది యే సంవత్సరపు కొలతో కూడా వ్రాస్తారు.