బ్రహ్మకమలము: పేరును, పెంపకమును

నేటి ప్రసంగమునకు విషయము మీలో పలువురి యిండ్లలో కుండలలో పెరుగుచున్న బ్రహ్మకమలము. విశాఖపట్టణమున పాతనగరపు వసారాలలోను, గాజువాక మేడలమీదను, ఉక్కునగరపు ముంగిళ్లలోను ఈ మొక్క కానవచ్చుచున్నది. ఏడాదిలో ఏ కొన్ని రాత్రులో దీని మొగ్గ విచ్చును. నడిరేయికి, గొట్టమువంటి కాడతో కలిపి జానెడుకు మించిన తెల్లని పువ్వు నిండుగా వికసించి ఇల్లెల్ల పరిమళింపజేయును. తెల్లవాఱుసరికి వాడి వ్రాలిపోవును. పూచిన రాత్రి ఇరుగుపొరుగువారు వచ్చి చూచి చేతులు జోడింతురు. విచ్చుచున్న పువ్వు నెదుట కోరిన కోరిక నెఱవేఱునని కొందఱి నమ్మకము.

ఆ నమ్మకమును నేను పరిహసింపను. కాని, పూచుట భాగ్యమైనచో పూయకుండుట దౌర్భాగ్యము కావలెను గదా! మొక్క పూయలేదనియు, కుళ్లినదనియు, ఇంటికేదో కీడు మూడనున్నదని దిగులుపడు ఇల్లాండ్రను నేనెఱుగుదును. మా వీథిలోని యొక కోడలు, అత్తగారిచ్చిన మొక్క తన చేతిలో చచ్చినదని నెలదినములు కుమిలిపోయినది. ఆమె చేసినదెల్ల నిత్యము చెంబెడు నీరు పోయుటయే. కమలమన్నారు గనుక నీరు విస్తారముగా కావలెనని ఆమె తలచినది. ఆమెను త్రోవ తప్పించినది మొక్క పేరు.

శబ్దములు ముఖ్యముగా మూడు విధములని మా పెద్దలు పాఠము చెప్పినారు. అవయవముల యర్థమునుబట్టి బోధించునది యౌగికము. వాడుకచేతనే బోధించునది రూఢము. రెండును కలిసినది యోగరూఢము. బురదలో పుట్టునవి యెన్నియో ఉండగా, పంకజమనిన తామరయే యగుట యోగరూఢమునకు ఉదాహరణము. మన కుండలోని మొక్కపట్ల బ్రహ్మకమలమను పేరు కేవలము రూఢము. దీనికి తామరతో చుట్టఱికమేమియు లేదు. తొల్లినుండియు ఆ పేరు గల మొక్క హిమాలయములలో రమారమి 3,000 మీటర్లకు పైని పెరుగును. అది చేమంతి, ప్రొద్దుతిరుగుడుల కుటుంబములోనిది, ఉత్తరాఖండమునకు రాష్ట్రపుష్పము. మన సముద్రతీరపు ఉక్కలో అది బ్రతుకజాలదు.

మన మొక్క పుట్టినిల్లు మెక్సికో దక్షిణభాగమును, మధ్య అమెరికాయును. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్ అందురు. మొదటి పదమునకు ఆకుమీదిదని యర్థము. రెండవదానికి మొనదేఱిన రేకులు గలదని యర్థము. పువ్వు ఆకు అంచునుండి వెలువడినట్లు తోచుటచే ఆ పేరు వచ్చినది. నిజమునకు అది ఆకు కాదు, బల్లపరుపైన కాండము. పండితుల పేరును చూపునకు తోచినదే గాని యథార్థము కాదు!

ఇది కాక్టస్ కుటుంబమునకు చెందినది. చేలగట్లపై కనబడు నాగజెముడును ఆ కుటుంబములోనిదే. అదియు అమెరికానుండి వచ్చినదే. గిల్లిన పాలు కారు మన బొంతజెముడు మాత్రము వేఱు కుటుంబమునకు చెందినది. కాక్టస్ అనగానే ఎడారి స్ఫురించును. అందుచే కొందఱు దీనిని మండుటెండలో నుంచి మాడ్చుదురు. కమలమని ముంచువారును, కాక్టస్ అని మాడ్చువారును పేరునే పెంచుచున్నారు గాని మొక్కను పెంచుట లేదు.

ఇది అడవిలో పెద్ద చెట్ల కొమ్మలను ఆశ్రయించి, క్రిందికి వ్రేలాడుచు పెరుగునది. బదనిక వలె చెట్టు సారమును పీల్చదు. కొమ్మల సందుల చేరిన ఆకుల చెత్తలో వేళ్లు పాఱించును. అచట వాన కురిసిన వెంటనే నీరు జాఱిపోవును. గాలి నిరంతరము వీచును. ఎండ ఆకుల సందులనుండి చిలికినట్లు పడును. ఈ మూడును జ్ఞాపకముంచుకొన్నచో పెంపకమెల్ల తెలిసినట్లే.

కుండ చిన్నదైనను అడుగున తూటు ఉండవలెను. ఎఱ్ఱమన్ను, ముతక ఇసుక, కడిగిన కొబ్బరిపీచు లేక చివికిన ఆకుఎరువు సమభాగములుగా కలిపి, అడుగున పెంకులు పఱచుడు. వ్రేలి కణుపు లోతు మన్ను ఎండిన పిమ్మటనే తూటునుండి కాఱునంత నీరు పోయుడు. క్రింది పళ్లెములో నిలిచిన నీటిని పాఱబోయుడు. ఈ మొక్క పగటివేళ తన సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లదనమున తెఱచి బొగ్గుపులుసుగాలిని గ్రహించి దాచుకొనును. అందుచే దీనినుండి నీరు ఆవిరియై పోవుట స్వల్పము. నిత్యము నీరు పోయ బనిలేకుండుటకు ఇదియే కారణము.

ప్రొద్దుటి యెండ మేలు, మిట్టమధ్యాహ్నపుటెండ కీడు. ఉప్పుగాలి నేరుగా కొట్టనిచోట నుంచి, కాండముపై పేరిన ధూళిని తడిగుడ్డతో తుడువుడు. పిండినల్లి పట్టినచో పలుచని సబ్బునీటితో కడుగుడు. వానకాలమున కుండను చూరుక్రిందికి చేర్చుడు. ఆశ్వయుజ కార్తీకములు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానును ఈ యూరివారు మఱవలేదు. అట్టి హెచ్చరిక వచ్చినచో వ్రేలాడు కుండలను ముందుగా లోపలికి తీసికొనుడు.

కొమ్మ విఱిగినను విచారము వలదు. జానెడు తునకను వారము దినములు నీడలో ఆఱబెట్టి, గాయము ఎండిన పిమ్మట, క్రిందికొన క్రిందికే యుండునట్లు రెండంగుళముల లోతున నాటుడు. మొదలు కుళ్లిన మొక్కకును ఇదియే చికిత్స: గట్టిగానున్న భాగము వఱకు కోసి, ఎండబెట్టి, మరల నాటవలెను.

ఇట్లు నాటినది పూయుటకు సామాన్యముగా రెండు మూడేండ్లు పట్టును. ముదిరిన కాండములే పూచును. కావున వాటిని అందమునకై కత్తిరింపరాదు. వెలుతురు చాలకున్నను, పేడయెరువు మితిమీఱినను కొమ్మలు సాగునే గాని మొగ్గలు రావు. మొగ్గ కనబడిన తరువాత కుండను చోటు మార్పకుండుట మంచిది. వ్రేలాడు మొగ్గ మెడ వంచి మొగము పైకెత్తినచో, పువ్వు విచ్చు రాత్రి దగ్గఱపడినదని గుర్తు. ఆ తెలుపును, ఆ పరిమళమును తన జన్మభూమిలో సీతాకోకచిలుకల జాతివైన రాత్రించర కీటకములను పిలుచుటకు ఏర్పడినవి.

కాబట్టి, పూచిన రాత్రి నమస్కరించుట మీ యిష్టము. పూయని యేడు మాత్రము ఇంటికి కీడని భయపడకుడు, ఇల్లాలిని నిందింపకుడు. కుండ అడుగున తూటు మూసికొనినదేమో చూడుడు. వెలుతురు చాలునో లేదో చూడుడు. కాండము ముదిరినదో లేదో చూడుడు. కారణము తఱచుగా అచటనే దొరకును.