లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడు మార్చాలి?

తమిళనాడు ప్రభుత్వం 2011లో విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మన పోదనూరు ఇళ్లకు అది ఇప్పుడు కొత్త వస్తువు కాదు. ఛార్జి నిలవకపోతే యంత్రమే పోయిందనుకుంటాం. చాలాసార్లు పాతబడింది బ్యాటరీ మాత్రమే.

లిథియం అయాన్ బ్యాటరీ వాడినా, ఊరికే ఉంచినా క్షీణిస్తుంది. సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఖర్చయి నిండేసరికి దాని శక్తి 80 శాతానికి దిగుతుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా దిగుతుంది. అందుకే పరుపు మీద, ఎండలో పెట్టి వాడకండి.

ఇప్పుడు లెక్క చూద్దాం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఇంగ్లీషులో ‘పవర్‌సిఎఫ్‌జి’, ఖాళీ, వాలుగీత, ‘బ్యాటరీరిపోర్ట్’ అని కొట్టండి. తయారైన నివేదికలో రెండు అంకెలు ఉంటాయి: కొత్తలో పట్టిన శక్తి, ఇప్పుడు పడుతున్నది. 50,000 పట్టినది 40,000 పడితే నూటికి 80. అంతకు తగ్గి, మీ పనికి చాలకపోతే మార్చండి. ఎప్పుడూ కరెంటుకు తగిలించి వాడేవారు కొంతకాలం ఆగవచ్చు.

కానీ బ్యాటరీ ఉబ్బి అడుగు పలక పైకి లేస్తే ఏ లెక్కా చూడవద్దు. వెంటనే ఆపి, ఛార్జరు తీసి, మరమ్మతు తెలిసినవారికి అప్పగించండి. గుచ్చినా, నొక్కినా నిప్పంటుకోవచ్చు. పాతదాన్ని చెత్తకుండీలో వేయకండి.

వంద రూపాయల వస్తువైనా సరే, పారేసే ముందు ఏ భాగం చెడిందో చూడటం మంచిది కదా!