విద్యార్థి సేవాదళాలు, తరగతి మానిటర్లు: బాధ్యతకు హద్దు ఎక్కడ?

హైదరాబాదు: ఉన్నత పాఠశాలలో ఉదయం ప్రార్థన గంట మొదలు సాయంత్రం గేటు మూసే వరకు ఉపాధ్యాయుల దృష్టి ఒకే సమయంలో అన్ని చోట్లా ఉండడం సాధ్యం కాదు. పీరియడుకూ పీరియడుకూ మధ్య వరండాలో, మంచినీటి కుళాయిల వద్ద, మెట్ల మీద, మధ్యాహ్న భోజన వరుసలో, ఇళ్లకు వెళ్లే వేళ గేటు ముందు పిల్లలు గుమిగూడుతారు. తోపులాటలు, దెబ్బలు, చిన్నవారిపై పెద్దవారి ఆగడాలు ఎక్కువగా చోటుచేసుకునేది ఈ స్థలాల్లోనే. ఈ లోటును కొంతైనా పూడ్చడానికి తరగతి మానిటర్లను, సేవాదళాలను నియమించే ఆనవాయితీ ఏర్పడింది. అయితే ఈ విద్యార్థులకు అప్పగించదగిన పని ఏది, అప్పగించరాని పని ఏది అన్న విషయంలో స్పష్టత అవసరం.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాక ప్రాంతాన్ని ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. 1918లో ఏర్పడిన విశ్వవిద్యాలయం ఒకవైపు, జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్ రోడ్డు వెంట పలు పరిశోధనా సంస్థలు మరొకవైపు ఉన్నాయి. 2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో రైలు స్టేషను కూడా ఇదే కూడలి వద్ద ఉంది. బడి విడిచిపెట్టే వేళ, కళాశాలలు, కార్యాలయాల రద్దీ ఒకదానితో ఒకటి కలిసే కూడలి ఇది. 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకీ; తీగ కంచె వద్ద ఉన్న చౌకీని బట్టి ఈ పేరు వచ్చిందని స్థానికంగా చెప్పుకుంటారు. కాపలా పేరున వెలసిన ఊళ్లో పిల్లలకు కాపలా ఎవరు ఉండాలన్న ప్రశ్న తలెత్తడం యాదృచ్ఛికమే.

విద్యార్థులే విద్యార్థులను చూసుకునే పద్ధతి విదేశాల నుండి దిగుమతి అయిందన్న అభిప్రాయం కొందరిలో ఉంది. చరిత్ర ఇందుకు భిన్నంగా ఉంది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమ నిర్వాహకునిగా చేరిన ఆండ్రూ బెల్, స్థానిక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్ని గమనించి, తన ఆశ్రమంలో ఎనిమిదేళ్ల బాలుని చేత చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పించారు. ఆ అనుభవాన్ని 1797లో లండనులో ప్రచురించిన పిమ్మట ఆ విధానం 'మద్రాసు పద్ధతి'గా ఇంగ్లండులో ప్రాచుర్యం పొందింది.

తెలుగు బడులకు సంబంధించి ఇంతకంటె విలువైన ఆధారం బళ్లారి జిల్లా నివేదికలో లభిస్తుంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ఆదేశించిన విచారణకు సమాధానంగా, బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో ఈ నివేదిక పంపారు. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులని, మొత్తం విద్యార్థులు 6,641 మంది అని అందులో ఉంది. బడికి సగటున పన్నెండు మంది పిల్లలు. పిల్లలను సాధారణంగా నాలుగు తరగతులుగా విభజించి, కింది తరగతులను కొంతవరకు పెద్ద విద్యార్థులకు అప్పగించేవారు. పై తరగతులను పంతులు స్వయంగా చూసుకుంటూ బడి మొత్తంపై ఒక కన్నేసి ఉంచేవారు. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుతూ తమ చదువును గట్టిపరచుకునే ఈ తీరును కలెక్టరు మెచ్చుకున్నారు.

అదే నివేదికలో మరొక ముఖం కూడా ఉంది. ఉదయం అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవ సూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవ వానికి సున్న చుట్టేవారు; పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడవ వానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవ వానికి రెండు, ఆ తరువాత వచ్చిన వారికి వరుసగా ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. పెద్ద విద్యార్థి సాయమూ, బెత్తమూ ఒకే బడిలో పక్కపక్కన ఉండేవి. ఈ రెంటినీ వేరు చేయడానికి చాలా కాలం పట్టింది.

ఆంధ్రప్రదేశ్ విద్యా నియమావళి, 1966లోని 122వ నియమం కొన్ని తప్పిదాలకు పరిమితంగా శారీరక దండనను అనుమతించేది. 2002లో ఆ నియమాన్ని సవరించి శారీరక దండనను పూర్తిగా నిషేధించడం జరిగింది. విద్యా హక్కు చట్టం, 2009లోని 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఇక్కడ అధికారులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. ఉపాధ్యాయునికే లేని అధికారం ఆయన నియమించిన మానిటరుకు రాజాలదు. మాట్లాడిన వారి పేర్లు నల్లబల్లపై రాయించడం, తోటి విద్యార్థి చేత గుంజీలు తీయించడం, ఆలస్యంగా వచ్చిన వారిని గేటు బయట నిలబెట్టించడం వంటివి మానిటరు చేతుల మీదుగా జరిగినా బాధ్యత పాఠశాల యాజమాన్యానిదే. మానిటరు చూసినది చెప్పవచ్చు, తీర్పు ఇవ్వరాదు. చెప్పడం కూడా అందరి ఎదుట కాక, ఉపాధ్యాయునికి విడిగా చెప్పడం మేలు. లేనిపక్షంలో ఆ విద్యార్థి తరగతిలో ఒంటరి అవుతాడు. చాడీలకోరన్న పేరు పదో తరగతి దాటినా వదలదు.

సేవాదళానికి అసలైన పని మధ్యాహ్న భోజన వేళ కనిపిస్తుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులను అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం అందించడం మొదలైంది; 2008లో 9, 10 తరగతులకు కూడా విస్తరించింది. 6 నుండి 8 తరగతుల వారికి రోజుకు 150 గ్రాముల బియ్యం, 700 కిలో కేలరీల శక్తి, 20 గ్రాముల మాంసకృత్తులు ప్రమాణం. ఈ ప్రమాణం ప్రతి కంచంలోకి చేరాలంటే వరుస సక్రమంగా సాగాలి. చేతులు కడిగించడం, చిన్న తరగతులను ముందు పంపడం, గుడ్డు అందని వారిని గుర్తించడం, పారవేసిన అన్నం ఎంతో గమనించడం విద్యార్థులు చక్కగా చేయగల పనులు. ఏ కూరను పిల్లలు వదిలేస్తున్నారో వంట ఏజెన్సీ కంటె ముందు తెలిసేది వీరికే.

వంట పొయ్యి వద్దకు వెళ్లడం, వేడి గంగాళాలు మోయడం, భోజనాన్ని ముందుగా రుచి చూడడం మాత్రం వారి పనులు కావు. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వడ్డనకు ముందు కనీసం ఒక ఉపాధ్యాయునితో సహా పెద్దలు రుచి చూడాలన్న నిబంధన ఎంత విలువైనదో ఆ దుర్ఘటన చెబుతుంది. రుచి చూసే రిజిస్టరులో సేవాదళ విద్యార్థి సంతకం ఉన్నట్లయితే తనిఖీ అధికారి దానిని లోపంగానే నమోదు చేయాలి.

గేటు వద్ద కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. సేవాదళం గేటు లోపలే నిలిచి పిల్లలను గుంపుగా కాక జట్లుగా బయటకు పంపవచ్చు. తార్నాక వంటి కూడలి వద్ద రోడ్డు మధ్యకు వెళ్లి వాహనాలను ఆపడం పోలీసు సిబ్బంది పని. ఈల, టోపీ ఇచ్చినంత మాత్రాన పదమూడేళ్ల బాలుడు ట్రాఫిక్ పోలీసు కాడు. 2010లో కేరళలో ప్రారంభమై, 2018 జూలైలో జాతీయ స్థాయికి విస్తరించిన స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ కార్యక్రమం కూడా 8, 9 తరగతుల వారికి చట్టంపై, పౌర బాధ్యతలపై అవగాహన కల్పించడానికి ఉద్దేశించినదే.

ఎన్.సి.సి. జూనియర్ డివిజన్, భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్, జూనియర్ రెడ్‌క్రాస్, 2001లో మొదలైన జాతీయ హరిత దళం వంటివి పాఠశాల స్థాయిలో ఇప్పటికే ఉన్న వేదికలు. వీటిలో స్కౌట్ల పద్ధతి మానిటరు వ్యవస్థకు మంచి నమూనా. ఆరు నుండి ఎనిమిది మంది గల చిన్న జట్టుకు వారిలో ఒకరే నాయకుడు; అతడు జట్టుతో పాటు పనిచేస్తాడే గాని పక్కన నిలబడి పని చేయించడు.

ఇంటర్మీడియట్, ఆపై విద్యార్థులకు జాతీయ సేవా పథకం ఉంది. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో 40 వేల మంది విద్యార్థులతో ప్రారంభమైన ఈ పథకంలో వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. గంటలు లెక్కలో ఉంటాయి కనుక ఎవరు ఎంత పని చేశారో తెలుస్తుంది. ఉన్నత పాఠశాల మానిటరు చేసే పని సాధారణంగా ఏ పుస్తకంలోనూ నమోదు కాదు. ఏటా ఒకరిద్దరు మంచి మార్కుల విద్యార్థులకే ఆ బాధ్యత దక్కడానికీ, వారి చదువు గంటలు ఎన్ని పోతున్నాయో తెలియకపోవడానికీ ఇదొక కారణం. పేరు, పని, సమయం అనే మూడు గడులతో ఒక రిజిస్టరు ఉంచి, పదిహేను రోజులకు ఒకసారి బాధ్యతను మార్చితే ఏడాది తిరిగేసరికి తరగతిలో దాదాపు సగం మందికైనా అవకాశం వస్తుంది. ఇందుకు ప్రత్యేక నిధులు గాని, కొత్త ఉత్తర్వులు గాని అవసరం లేదు. ప్రధానోపాధ్యాయుని నిర్ణయం చాలు.