తుపాకీ లైసెన్స్ ఉందా? ఇంట్లో దాన్ని ఎలా దాచాలో తెలుసుకోండి

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్స్ ఉన్న తుపాకులను స్టేషన్‌లో అప్పగించమని పోలీసులు చెబుతారు. కోడ్ ముగిశాక అవి తిరిగి ఇంటికి వస్తాయి. మరి మిగతా రోజుల్లో అవి ఎక్కడ ఉంటాయి? చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: పడకగదిలో బీరువా.

ఖమ్మం నుంచి భద్రాచలం వరకు, అడవి అంచున ఉండేవారు ఈ జవాబు గురించి మరోసారి ఆలోచించాలి. చర్ల, దుమ్ముగూడెం దాటితే ఛత్తీస్‌గఢ్ అడవులు. అడవి జంతువుల వేట, నాటు తుపాకులు, దశాబ్దాల మావోయిస్టు కదలికలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. బంగారం పోతే నష్టం మీ ఒక్కరిదే. తుపాకీ పోతే దాని తూటా రేపు ఎవరికి తగులుతుందో తెలియదు. పైగా దాని మీద ఉన్న నంబరు మీ పేరు చెబుతుంది.

చట్టం ఏమంటోంది?

ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి గరిష్ఠంగా రెండు తుపాకులే ఉంచుకోవచ్చు. లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అడవి పందుల బెడద ఉన్న రైతు పంట రక్షణ కోసం మందు కూరి పేల్చే తుపాకీకి దరఖాస్తు చేసుకోవడానికి 13వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. కానీ లైసెన్స్ లేకుండా నాటు తుపాకీ దగ్గర ఉంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు తప్పదు.

లైసెన్స్ ఉన్నా షరతులు పాటించాలి. తుపాకీ లేదా తూటాలు పోతే వెంటనే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పడం ఆ షరతుల్లో ఒకటి. షరతు ఉల్లంఘిస్తే 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రూ.2 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

మామూలు బీరువా సరిపోదా?

సరిపోదు. దాని రేకు పలుచన. ఇనుప రాడ్డు పెట్టి తిప్పితే తలుపు వంగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, దొంగ ఇంట్లోకి రాగానే నగల కోసం మొదట తెరిచేది దాన్నే. తుపాకీని, బంగారాన్ని ఒకేచోట పెట్టకండి.

లాకర్ కొనేటప్పుడు ఏం చూడాలి?

పొడవు: ముందు తుపాకీని కొలవండి. డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ గొట్టాన్ని విడదీయవచ్చు. గొట్టం సాధారణంగా 28 నుంచి 30 అంగుళాలు ఉంటుంది కాబట్టి, నిలువెత్తు లాకర్ అక్కర్లేదు. విడదీసి పెడితే వెంటనే పేల్చే వీలూ ఉండదు.

బిగింపు: చిన్న లాకర్‌ను తెరవలేకపోతే దొంగ దాన్నే ఎత్తుకుపోతాడు. అడుగున లేదా వెనక బోల్టు రంధ్రాలు ఉన్నదే తీసుకుని, కాంక్రీటు శ్లాబుకో గోడకో యాంకర్ బోల్టులతో లోపలి నుంచి బిగించండి. అద్దె ఇల్లయితే ముందుగా యజమాని అనుమతి తీసుకోండి.

ప్రమాణం: ఇనుప సేఫ్‌లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 550. ఆ గుర్తు ఉందేమో అడగండి. రేకు మందం, తలుపు కడ్డీలు ఎన్ని వైపుల పడతాయన్నదీ చూడండి.

తాళం: డిజిటల్ లాకర్ అయితే కంపెనీ ఇచ్చిన కోడ్‌ను మొదటి రోజే మార్చండి. పుట్టినరోజు, బండి నంబరు పెట్టొద్దు. బ్యాటరీ అయిపోయినప్పుడు వాడే తాళంచెవిని అదే గదిలో, దేవుడి పటం వెనక దాచొద్దు. లైసెన్స్‌లో పేరు లేనివారికి, ముఖ్యంగా పిల్లలకు, కోడ్ తెలియకూడదు.

తూటాలు: వేరే పెట్టెలో, వేరే తాళంతో పెట్టండి. ఇంట్లో ఎవరైనా తీవ్ర మనోవేదనలోనో తాగుడు అలవాటుతోనో ఉంటే తుపాకీని ఇంట్లో ఉంచకపోవడమే మంచిది.

గోదావరి వరద వస్తే?

భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. పునరావాస కేంద్రానికి వెళ్తే మీ ఇల్లు ఖాళీగా ఉంటుంది. అందుకే లోతట్టు కాలనీల్లో ఉండేవారు లాకర్‌ను పై అంతస్తులో బిగించుకోవాలి. మొదటి హెచ్చరిక సమయంలోనే, దారులు మునగకముందే, తుపాకీని స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఎక్కువ రోజులు ఊరు వెళ్లినా ఇదే పద్ధతి.

వానాకాలం తేమకు గొట్టం తుప్పు పడుతుంది. గుడ్డ, తోలు సంచులు తేమను పీలుస్తాయి. తుపాకీకి నూనె రాసి, లాకర్‌లో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.

సరిహద్దు దాటితే?

2014లో మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాకలో అడుగుపెడితే రాష్ట్రం మారినట్టే. మీ లైసెన్స్ తెలంగాణకే పరిమితమైతే తుపాకీతో అటు వెళ్లకూడదు. బయల్దేరే ముందు లైసెన్స్‌లోని చెల్లుబాటు ప్రాంతం చూసుకోండి.

పోయిందని తెలిస్తే?

గదిలో దేన్నీ ముట్టుకోకుండా 100 లేదా 112కు ఫోన్ చేయండి. ఏ స్టేషన్ పరిధి అన్న వాదన వస్తే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. నేరం ఎక్కడ జరిగినా దాన్ని నమోదు చేయాలని 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. లైసెన్స్ ఇచ్చిన అధికారికీ లిఖితపూర్వకంగా తెలియజేసి, రెండు పత్రాల ప్రతులూ దాచుకోండి.

ఆ సమయంలో తుపాకీ నంబరు, తయారీ సంస్థ పేరు, లైసెన్స్‌కు ఇచ్చిన విశిష్ట గుర్తింపు సంఖ్య, తూటాల లెక్క చెప్పగలగాలి. వాటిని ఒక కాగితంపై రాసి లాకర్‌లో కాకుండా వేరే చోట ఉంచండి. పోయిన తుపాకీ ఎక్కడ దొరికినా అది మీదేనని తేల్చేది ఆ నంబరే.