ఆరుద్ర చుక్క ఎరుపు

ఆరుద్ర కార్తె జూన్ చివర వస్తుంది గానీ, ఆ పేరున్న చుక్క అప్పుడు కనబడదు. ఎండ వెలుగులో కలిసిపోతుంది. జనవరిలో సెకండ్ షిఫ్టు దిగి వస్తూ పైకి చూడండి. వరసగా మూడు చుక్కలు, వాటికి ఉత్తరాన ఎర్రగా ఒకటి. ఇంగ్లిషులో బీటెల్‌జ్యూస్.

ఎరుపంటే మహా వేడి అనుకుంటాం. కొలిమి దగ్గర చేసినోళ్లకి తెలుసు, ఇనుము ముందు ఎర్రబడుతుంది, ఇంకా కాగితేనే తెల్లబడుతుంది. సూర్యుడి పైభాగం 5,500 డిగ్రీలైతే దీనిది సుమారు 3,300. ఒళ్లు మాత్రం ఉబ్బిపోయింది. సూర్యుడి చోట పెడితే భూమినీ, అంగారకుణ్ణీ మింగేస్తుంది. బరువు 15, 20 సూర్యుళ్లంతే, అందుకే సగటున మన గాలికన్నా పల్చన!

వయసు సుమారు కోటి ఏళ్లు. సూర్యుడికి 460 కోట్లు. సరుకు ఎక్కువున్నా అంతకు మించిన జోరుతో కాల్చేసింది. నడిబొడ్డున హైడ్రోజన్ అయిపోయి ఇప్పుడు హీలియం మండుతోంది.

2019 చివర్లో అది మసకబారితే, రేపే పేలుతుందని ఫోన్లలో తెగ తిరిగింది. ఆరుద్రలో పుట్టిన మనవరాలికి ఏమవుతుందోనని మా పక్కింటి పెద్దమ్మ బెంగపెట్టుకుంది. అది చుక్క కక్కిన ధూళి అడ్డం రావడం, అంతే. పేలడం ఖాయమే, కానీ దానికి లక్ష ఏళ్లయినా పట్టొచ్చు. 500 కాంతి సంవత్సరాలకు పైగా దూరం, మనకు దెబ్బ తగలదు. పేలిన రోజున పగలే కనబడుతుంది.